చూపించనిది లెక్కకు రాదు



ఈసారి నేను పచ్చళ్ళ గురించీ, పండుగల గురించీ మాట్లాడబోవడం లేదు. ఆసుపత్రి కాగితాల గురించి మాట్లాడతాను. "ఇదేం కబురమ్మా, పొద్దున్నే!" అనుకోకండి. ప్రతి ఇంట్లోనూ బీరువా అడుగునో, పరుపు కిందో, దేవుడి పటాల వెనకాలో ఒక సంచీ ఉంటుంది. అందులో మందుల చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు, మడత నలిగిన ఎక్స్‌రేలు ఉంటాయి. దాన్ని దాచేది మనమే, ఇల్లు దులిపే రోజున విసుక్కుని పారేసేదీ మనమే. ఆ సంచీలో ఒక సంసారం తిండిగింజలు దాగి ఉంటాయని 2025 దాకా నాకూ తెలియదు.

మా మరిదికి ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. 1980 నాటి మాట అది. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో కనబడింది. 2014 మార్చిలో మనతోబాటు ఆగ్నేయాసియా దేశాలను పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. జబ్బు పోయింది, సంతోషమే. కానీ ఆనాడు అది పట్టుకున్న పిల్లలు ఉన్నారు గదా! వాళ్ళు ఇప్పుడు నలభై అయిదు, యాభై ఏళ్ళ సంసారులు. మా మరిది ఎడమ తొడ మీద చెయ్యి ఆనించుకుని, ఒంగి ఒంగి నడుస్తాడు. బస్టాండు దగ్గర చిన్న బడ్డీలో ఒకప్పుడు వాచీలు బాగుచేసేవాడు, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. బేరాలు ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండవు. నెల మొదట్లో వచ్చే వికలాంగుల పింఛను వాళ్ళ ఇంటికి పెద్ద ఆసరా. మన ఆంధ్రప్రదేశ్‌లో అది మూడు వేలుండేది, 2024 జూలై నుంచి ఆరు వేలయింది. పొరుగున తెలంగాణలో 2023 జూలై నుంచి 4,016 రూపాయలు. మనకు అది చీరె ఖరీదు కావచ్చు. మా తోడికోడలికి మాత్రం అదే ఇంటద్దె, అదే బియ్యం.

2025లో పింఛనుదారులందరినీ మళ్ళీ పరీక్ష చేస్తామని కబురు వచ్చింది. మా మరిదినీ పిలిచారు. ఇక్కడే నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. ముందురోజు రాత్రి అతని తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేశాను. "నలుగురిలోకీ వెళుతున్నావు నాయనా, గడ్డం గీసుకుని వెళ్ళు. దిగాలుగా కనబడకు" అని మరీ మరీ చెప్పాను. అతనూ అలాగే వెళ్ళాడు. అక్కడ వరుసలో వందమంది ఉన్నారట. డాక్టరుగారు ఏదో అడిగారు. ఇతను "నడుస్తానండీ, ఏం ఇబ్బంది లేదండీ" అన్నాడు. కాలు కొలిచారు, కండబలం చూశారు, పంపించేశారు.

కొన్నాళ్ళకు నోటీసు వచ్చింది. వైకల్యం 36 శాతం. పింఛనుకు కనీసం 40 ఉండాలి. నాలుగు తక్కువ. కాబట్టి పింఛను ఆగిపోతుంది, అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోవచ్చు అని రాశారు.

ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళన్నారు. మా ఆయన ఆ డాక్టరును నాలుగు తిట్టారు. వీధి చివర ఒక పెద్దమనిషి, "ఇంత పడేస్తే శాతం పెంచే మనిషి ఉన్నాడు" అని చెవిలో చెప్పాడు. మా మరిది మటుకు, "పోనీలే వదినా. మళ్ళీ వెళ్ళి చెయ్యి చాపినట్టుంటుంది" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే మొదట అప్పీలంటే ఏమిటో చెబుతాను. అది దేబిరించడం కాదు, ఎవరిమీదో నేరం మోపడమూ కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో చేశారు, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, కొత్త చట్టంలో ఇరవై ఒకటి ఉన్నాయి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు కూడా ఇందులో చేరాయి. ఆ చట్టంలో 58వ సెక్షను సర్టిఫికెట్టు ఎలా ఇవ్వాలో చెబుతుంది. దాని పక్కనే ఉన్న 59వ సెక్షను, ఆ నిర్ణయం నచ్చనివాళ్ళు అప్పీలు చేసుకోవచ్చని చెబుతుంది. అంటే పరీక్షలో పొరపాటు దొర్లవచ్చునని చట్టం చేసినవాళ్ళకే తెలుసు. తలుపు వాళ్ళే పెట్టారు. తట్టడానికి మనకు సిగ్గెందుకు? అడగందే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు అమ్మకన్నా ఎక్కువ కాదు గదా!

అయితే ఉత్తచేతులతో తడితే ఆ తలుపు తెరుచుకోదు. "మాకు అన్యాయం జరిగింది" అని నాలుగు పేజీలు రాసినా డాక్టరుకు అది పనికిరాదు. ఆయనకు కావలసింది ఋజువు. అందుకే ఋజువులు పోగుచెయ్యడానికి ఇంట్లో అందరం కూర్చున్నాం.

మొట్టమొదట నోటీసును నింపాదిగా చదవాలి. మేం కోపంలో శాతం అంకె ఒక్కటే చూశాం. నిజానికి చూడవలసినవి మూడు. అప్పీలుకు గడువు ఎన్నాళ్ళు? ఎవరికి ఇవ్వాలి? ఏ వైకల్యాన్ని పరీక్షించి ఆ శాతం వేశారు? సర్టిఫికెట్టు నిరాకరిస్తే కారణం రాతమూలకంగా తెలియజెయ్యాలని 2017 నాటి నిబంధనల్లోనే ఉంది. ఆ కారణం ఏమిటో తెలియకుండా జవాబు చెప్పలేం. గడువు తేదీని గోడ మీద క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టండి. అన్ని కాగితాలూ దొరికేదాకా ఆగుదామని గడువు దాటనివ్వకండి. ముందు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మిగిలిన కాగితాలు పరీక్షరోజుకు పట్టుకువెళ్ళవచ్చు.

తరువాత పాత కాగితాల వేట. మా అత్తగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ రేకుపెట్టె అటకమీద ఉంది. దించి చూస్తే పెళ్ళిశుభలేఖల అడుగున, పసుపు గుడ్డలో చుట్టిన కాగితం కనబడింది. 1984లో ప్రభుత్వాసుపత్రిలో కాలికి ఆపరేషను చేసినప్పటి చీటీ అది. పోలియో వల్ల ఎడమకాలు చచ్చుబడిందని సిరాతో రాసి ఉంది. చదువురాని ఆవిడ నలభై ఏళ్ళనాటి కాగితం దాచింది. పదోతరగతి ప్యాసయిన నేను ఏం చేశానో తెలుసా? 2015లో ఇల్లు మారేటప్పుడు, మరిది చెవి ఆపరేషను కాగితాలూ, ఎక్స్‌రేలూ ఉన్న సంచీని పాతసామాన్ల వాడికి వేసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

చెవి సంగతి ఎక్కడినుంచి వచ్చిందంటారా? అది ఇప్పుడు చెబుతాను. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సమ్మ ఉంది. ఆవిడ నాకొక మాట చెప్పింది. "డాక్టరుగారు ఆయన్ను చూసేది అయిదు నిమిషాలు. మిగతా రోజంతా చూసేది ఇంట్లోవాళ్ళే. ఒక రెండువారాలు నోటుపుస్తకంలో రాయండి. ఏ పని చెయ్యలేకపోయాడో, ఎప్పుడు పడ్డాడో, ఎవరి సాయం కావలసివచ్చిందో, తేదీ వేసి రాయండి. దాన్ని ఋజువని ఎవరూ అనరు గాని, డాక్టరుగారికి ఏం చెప్పాలో మీకు తెలుస్తుంది" అంది.

మా తోడికోడలు పిల్లవాడి పాత నోటుబుక్కులో రాసింది. మేమందరం కాలి గురించి రాస్తుందనుకున్నాం. మొదటి నాలుగు రోజులూ కాలి గురించే ఉంది. బాత్‌రూములో జారాడు, మెట్టు ఎక్కుతూ గోడ పట్టుకున్నాడు, రాత్రి కాలు లాగి నిద్రపోలేదు అని. ఆ తరువాత ఇలా ఉంది. "కుక్కరు మూడు కూతలకు దింపమని చెప్పి బయటికి వెళ్ళాను. పప్పు మాడిపోయింది. పక్కనే కూర్చున్నారు." ఇంకోరోజు, "బేరగాడు వెనకనుంచి పిలిస్తే పలకలేదు. పొగరని తిట్టి పోయాడు." మరోరోజు, "ఫోను మోగిందో లేదో బల్లమీద చెయ్యి పెట్టి చూసుకుంటారు."

చదివి తెల్లబోయాను. "ఇదేమిటే, చెవులు ఇంతగా వినబడవా?" అన్నాను. "మీకు తెలియదా అక్కా? పదేళ్ళయింది. పెదాలు చూసి అందుకుంటారు. ఎవరితోనూ అనొద్దన్నారు" అంది.

అప్పుడు నాకు ఆరోజు ఏం జరిగిందో అర్థమయింది. డాక్టరుగారు మూతికి మాస్కు పెట్టుకున్నారు. ఇతనికి పెదాలు కనబడలేదు. ఆయన ఏం అడిగారో వినబడలేదు. ఏదో నడక గురించే అనుకుని, "నడుస్తానండీ" అన్నాడు. ఎముకల డాక్టరు కాలు చూశారు. చెవుల గురించి ఎవరూ చెప్పలేదు, ఆయన చూడలేదు. చూపించనిది లెక్కకు రాదు. మేం కోప్పడవలసింది ఆ డాక్టరు మీద కాదు, మా ఇంటి మౌనం మీద.

ఈ మౌనం మన ఇళ్ళన్నిటిలోనూ ఉంది. పిల్లవాడికి ఏదైనా లోపం ఉంటే, "ఎవరికీ చెప్పకు, నవ్వుతారు" అని పెంచుతాం. ఆడపిల్లయితే మరీను, పెళ్ళికాదని భయం. దాచుకోవడం అలవాటయిన మనిషి, చూపించవలసిన చోట కూడా దాచుకుంటాడు. పరువుకోసం వేసిన ఇస్త్రీ చొక్కా ఒక్కొక్కప్పుడు నోటిదగ్గర కూడు తీస్తుంది.

సరే, చెవి కాగితాలు నేనే పారేశాను గదా. వాటికోసం ఆపరేషను చేసిన ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. అది 2009 నాటి మాట. అంత పాత రికార్డులు లేవన్నారు. వాళ్ళ తప్పు కూడా కాదు. ఆసుపత్రిలో చేర్చుకున్న రోగి రికార్డును మూడేళ్ళపాటు దాచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ డాక్టర్లకు 2002లో పెట్టిన నియమావళి చెబుతుంది. మూడేళ్ళు దాటాక అడిగే హక్కు మనకు గట్టిగా లేదు. అంచేత ఎవరైనా ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చే రోజునే డిశ్చార్జి కాగితం, ఆపరేషను వివరం, పరీక్షల రిపోర్టులు అడిగి తీసుకోండి. ప్రభుత్వాసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం ఒకటి ఉంది, 2005లో వచ్చింది. అర్జీ పెడితే ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు కూడా లేదు.

పాత కాగితం దొరక్కపోతే అంతా అయిపోయిందని కూలబడకండి. కాగితం పోయింది గాని శరీరం పోలేదు గదా! ఎప్పటినుంచి, ఎందువల్ల అనేదానికి పాత కాగితం సాక్ష్యం. ఇవాళ ఎంత ఉందనేదానికి ఇవాళ్టి పరీక్షే సాక్ష్యం. మా మరిదిని జిల్లా ఆసుపత్రిలో చెవి డాక్టరుకు చూపించాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను పెట్టి, సన్నటి శబ్దంనుంచి పెద్దశబ్దం దాకా వినిపించి ఒక గీతల పటం ఇచ్చారు. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. చెప్పలేని పసిపిల్లలకయితే బెరా అని ఇంకో పరీక్ష ఉంది. తలమీద తీగలు అంటించి, శబ్దానికి మెదడు పలుకుతోందో లేదో చూస్తారు.

కాలికి కూడా ఎముకల డాక్టరు దగ్గర కొత్త రిపోర్టు తీసుకున్నాం. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గుర్తుంచుకోండి. "ఈయన చాలా బాధపడుతున్నారు, సాయం చెయ్యగలరు" అని డాక్టరు రాసిస్తే అది సిఫారసు ఉత్తరం అవుతుంది గాని ఋజువు కాదు. రిపోర్టులో కొలతలు ఉండాలి. కాలు ఎన్ని సెంటీమీటర్లు పొట్టి? మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుంది? ఏ కండరానికి బలం ఎంత? ఈ బలాన్ని సున్నానుంచి అయిదు దాకా అంకెల్లో వేస్తారు. జబ్బు పేరు, ఎప్పటినుంచి ఉంది, ఏం వైద్యం చేశారు, ఇక ముందు మారుతుందా మారదా అనేది ఉండాలి. కింద డాక్టరు సంతకం, రిజిస్ట్రేషను నంబరు, ముద్ర, తేదీ ఉండాలి. డాక్టరుగార్లకు తీరిక ఉండదు. అంచేత మనకు కావలసిన ప్రశ్నలు ఒక చిన్న కాగితం మీద రాసుకువెళ్ళి మర్యాదగా అడిగితే వాళ్ళూ సంతోషంగానే రాస్తారు. మాకు రాశారు.

వైకల్యాన్నిబట్టి ఋజువులు మారతాయి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు తెలివి ఎంత అని ఒక పరీక్ష, తనపని తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం ఎంతవరకు వచ్చు అని ఇంకో పరీక్ష చేస్తారు. వరుసలో మా పక్కన ఒక తల్లి కూర్చుంది. కూతురికి పద్నాలుగేళ్ళు. "ఇంట్లో నిమిషం ఊరుకోదమ్మా. ఇవాళ మాత్రం బొమ్మలా కూర్చుంది. ఈ పిల్లకేం లోటని అంటారేమో" అని కన్నీళ్ళు పెట్టుకుంది. బడిలో పంతులమ్మగారు రాసిచ్చిన కాగితం ఆవిడ దగ్గర ఉంది. జడ వేసుకోవడం రాదు, చిల్లర లెక్క తెలియదు, ఒంటరిగా బడికి రాలేదు అని అందులో ఉంది. ఆ కాగితమే ఆ పూట ఆ తల్లికి నోరు అయింది. మానసిక వ్యాధి ఉన్నవాళ్ళ విషయంలో ఒంటి శుభ్రం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, పని చెయ్యగలగడం చూస్తారు. జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అందువల్ల వాళ్ళ పాత మందుల చీటీ ఒక్కటి కూడా పారెయ్యకూడదు.

కాగితాలన్నీ దొరికాక ఏడాది వరసన పేర్చాం. పైన ఒక తెల్లకాగితం మీద పట్టిక రాశాం. ఫలానా తేదీ, ఫలానా కాగితం, అందులో ఉన్న సంగతి. అంతే. ప్రతిదానికీ రెండేసి జిరాక్సులు తీయించాం. అసలు కాగితాలు చూపించడానికి, నకళ్ళు ఇవ్వడానికి. అసలుది ఎవరి చేతికీ వదలకండి. అర్జీ ఒక్క పేజీ మించలేదు. "కాలికి పరీక్ష జరిగింది. వినికిడి లోపానికి జరగలేదు. రెండూ కలిపి చూడవలసిందిగా కోరుతున్నాను. జతపరచిన కాగితాలు ఇవి." ఏడుపులేదు, తిట్టులేదు.

మళ్ళీ పరీక్షకు పిలిచారు. ఈసారి నేను చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు. చెప్పిన మాట కూడా మార్చాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పు నాయనా. లేనిది చెప్పకు. ఉన్నది దాచకు" అన్నాను. తోడికోడలూ నేనూ వెంట వెళ్ళాం. రోజూ చూసే మనిషి పక్కన ఉండడం మంచిది. మొదటిమాటగా, "వీరికి చెవులు వినబడవండీ, మాస్కు తీసి కాస్త గట్టిగా అడగండి" అని చెప్పాం. డాక్టరుగారు వెంటనే తీసి అడిగారు. అంత చిన్న మాట కిందటిసారి ఎవరమూ చెప్పలేదు.

మా మరిది ప్యాంటు మడిచి కాలు చూపించాడు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవైరెండేళ్ళు దాటినా ఆ కాలు నేను చూడటం అదే మొదటిసారి. చెరుకుగడలా సన్నగా ఉంది. నేను తల తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. అతను ఇన్నాళ్ళూ దాచింది చూపిస్తూంటే మనం తల తిప్పుకుంటే ఇంకేముంది?

ఇప్పుడు ఫలితం చెబుతాను. కాలికి మళ్ళీ అదే 36 శాతం వేశారు. మొదటి డాక్టరు తప్పు వెయ్యలేదన్నమాట. మేం ఊరికే తిట్టుకున్నాం. చెవులకు విడిగా లెక్కవేశారు. చెవుల లెక్కలో మంచి చెవికి విలువ ఎక్కువ. మంచి చెవి శాతాన్ని అయిదుతో హెచ్చించి, దానికి చెడ్డచెవి శాతం కలిపి, ఆరుతో భాగిస్తారు. అతనికి ఒకటి 15, ఒకటి 33. డెబ్భై అయిదుకు ముప్ఫైమూడు కలిపితే నూట ఎనిమిది. ఆరుతో భాగిస్తే 18.

ముప్ఫైఆరు, పద్దెనిమిది కలిపితే యాభైనాలుగని మా ఆయన సంబరపడ్డారు. అలా కూడరు. కేంద్రప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాల్లో దానికొక సూత్రం ఉంది. తొంభైలోంచి పెద్ద అంకె తీసేస్తే 54 మిగులుతుంది. దాన్ని చిన్న అంకె 18తో గుణించి తొంభైతో భాగిస్తే 10.8 వస్తుంది. అది పెద్ద అంకె 36కు కలిపితే 46.8. అంటే 47 శాతం. పింఛను నిలిచింది.

ఇది విని అందరి అప్పీలూ గెలుస్తుందని మాత్రం అనుకోకండి. మీకు ఆశపెట్టి పంపడం నాకిష్టం లేదు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగా ఉంటే మార్గదర్శకాల ప్రకారం 30 శాతమే. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే, ఇందాకటి లెక్క వేసి చూడండి, 17 శాతం దాటదు. ఆ మనిషి కష్టం అబద్ధం కాదు. కానీ లెక్క అంతే. అటువంటప్పుడు ఒకసారి తెలిసిన డాక్టరును అడిగి, ఇంకే లోపమైనా లెక్కకు రాకుండా మిగిలిపోయిందా చూసుకుని, ఉంటేనే ముందుకు వెళ్ళండి.

ఇక వీధిచివరి పెద్దమనిషి మాట. శాతం పెంచే మనిషికి డబ్బివ్వడం, దొంగ సర్టిఫికెట్టు పుట్టించడం మనకు వద్దు. వైకల్యం లేనివాడు మోసంతో ఆ లబ్ధి పొందితే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయని అదే చట్టంలో 91వ సెక్షనులో ఉంది. జైలు సంగతి అలా ఉంచండి. దొంగ కాగితాలు పెరిగినకొద్దీ నిజమైన కాలును కూడా అనుమానంగా చూస్తారు. మా మరిది వంటివాళ్ళు మళ్ళీ మళ్ళీ వరుసలో నిలబడవలసి రావడానికి ఆ దొంగ కాగితాలు కూడా ఒక కారణం.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! మధ్యాహ్నం పనులయ్యాక ఒక్క గంట కూర్చోండి. ఇంట్లో ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క అట్టఫైలు పెట్టండి. ఆసుపత్రి కాగితాలు తేదీవారీగా అందులో వేయండి. ఎక్స్‌రేలు మడవకండి. ఆ పని అవుతూండగా ఇంట్లో అందరినీ ఒకసారి తేరిపార చూడండి. పలకకుండా పొగరుగా ఉంటున్నాడని మీరనుకునే మనిషికి నిజంగా వినబడుతోందా? బద్ధకస్తురాలని కసురుకునే పిల్లకు నల్లబల్ల మీది అక్షరాలు కనబడుతున్నాయా? కాగితం తరువాత సంగతి, ముందు మనం చూడాలి.

మా అత్తగారి పసుపు గుడ్డ ఇప్పుడు నా బీరువాలో ఉంది. 1984 నాటి చీటీని మళ్ళీ అందులోనే చుట్టి పెట్టాను. ఫైలులో నకలు ఉంది.

సెలవు.